బాబా భుజానికి తగిన తూటా

మొన్న మా ఆవిడ వంటింటి అలమరలో పరిచిన పాత కాగితాలు మారుస్తూ, పప్పు డబ్బా కింది నుంచి నూనె మరకల కాగితం ఒకటి తెచ్చి నా ముందు పడేసింది. "ఓ లత నాయినా, గివేం అంకెలు? ఎవలియన్న ఫోను నంబర్లా? పారెయ్యాల్నా, ఉంచాల్నా?" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నా చేతిరాతే. నాలుగు వరుసలు. ఏడు మిల్లీమీటర్లు, మూడువందలు, మూడువందల ముప్ఫై ఎనిమిది, మూడువందల డెబ్బై అయిదు. ఒక్కోదాని ఎదురుగా గుండు బరువు, దాని వేగం, కాల్చినవాడి భుజానికి తగిలే దెబ్బ. "ఇవి మాగ్నం తూటాలు" అన్నాను. "మాగ్నమో మన్నో, నా డబ్బా కిందికి ఇంకో కాగితం ఇయ్యి" అని లోపలికి పోయింది.

మా ఊళ్ళో నన్ను ఇప్పటికీ దుబాయి గంగారాం అంటారు. దుబాయి నేను కళ్ళతో చూడలేదు. నేనున్నది బహ్రెయిన్‌లో. ఈ మాట ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, వినే నాథుడు లేడు. అక్కడేం చేసేవాడివని అడుగుతారు. డ్రైవర్‌నని చెబుతాను. అంతే, ఇక ఏ విషయంలోనూ నా మాటకు విలువుండదు. డ్రైవర్‌కేం తెలుసు అనే ఆ చూపు మీద నాకు చాలా పాత కోపం ఉంది. ఏడో తరగతితో బడి మానేసిన మాట నిజమే. ఆ తర్వాత నేర్చుకున్నదంతా నాకు నేను చెప్పుకున్న పాఠమే, ఏ పంతులుకూ రుణపడి లేను. ఆ కోపంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను. తీరా కూర్చుంటే నవ్వొస్తోంది.

నలభై నిండాక వెళ్ళాను నేను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. కానీ అక్కడి తొలి రోజుల్ని తలచుకుంటే నాకు రెండో చిన్నతనంలాగే అనిపిస్తుంది. భాష రాదు, దారులు తెలియవు, ఏది ఎవరి ముందు అనాలో ఏది అనకూడదో తెలియదు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానిని అక్కడ కఫీల్ అంటారు. నా కఫీల్ ఇల్లు హూరాలో, హోటళ్ళ వెనక సందులో ఉండేది. ఇంటివాళ్ళూ పనివాళ్ళూ అందరూ ఆయన్ను బాబా అనేవాళ్ళు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి. కుర్రతనంలో బొంబాయిలో వ్యాపారం చేసి వచ్చారు కాబట్టి హిందీ మనకన్నా బాగా మాట్లాడేవారు. ఆయన మాటల్ని ఇక్కడ మన భాషలోకి మార్చి రాస్తున్నాను. పొద్దున ఆయన్ను దుకాణాలకు తిప్పడం, మధ్యాహ్నం ఇల్లంతా నిద్ర, సాయంత్రం నమాజు అయ్యాక మజ్లిస్. మజ్లిస్ అంటే మగవాళ్ళు కూర్చునే పెద్ద గది. గోడల వెంట నేలమీద పరుపులు, ఆనుకోవడానికి దిండ్లు. యాలకులు వేసి మరిగించిన గావా, అంటే అరబ్బు కాఫీ వాసన, దాని మీద ఊదు పొగ. ఇప్పటికీ యాలక్కాయ నలిపితే నాకు పాయసం గుర్తుకు రాదు, ఆ గది గుర్తుకొస్తుంది.

డ్రైవర్‌నే అయినా ఆ గావా పోసే పని నాకే పడింది. ఎడమ చేత కూజా, కుడి చేత కోడిగుడ్డంత పిడి లేని కప్పులు. దానికో పద్ధతుంది. పెద్దలకు ముందు పోయాలి. కప్పు నింపకూడదు, అడుగున కాస్తే పోయాలి. తాగినవాడు కప్పును అటూ ఇటూ ఊపితే చాలని అర్థం. ఊపకపోతే మళ్ళీ పోయాలి. ఇంకొకటి కూడా ఉంది, అది నేను వెళ్ళిన మూడో నెలలో చూశాను. ఒకాయన కొడుక్కి పిల్లనడగడానికి వచ్చి, పోసిన గావా తాగకుండా ముందు పెట్టుకున్నాడు. గదిలో అందరూ చప్పున మాట ఆపేశారు. అతిథి కప్పు కింద పెట్టాడంటే ఏదో కోరిక ఉందని. అది తీరుస్తానని ఇంటాయన మాటిచ్చేదాకా తాగడు. తాగకుండా లేచిపోతే ఇంటి పరువు పోయినట్టే. వీటన్నిటికన్నా నాకు కష్టమైన నియమం ఒకటుంది: పోసేవాడు నోరెత్తకూడదు.

ఎందుకు కష్టమంటే, ఆ మజ్లిస్‌లో రోజూ వేట గురించే మాట్లాడేవాళ్ళు. ఆ ద్వీపంలో కుందేలు కనబడితేనే పెద్ద కబురు, అక్కడ కూర్చుని అడవిదున్నను ఏ తూటాతో పడగొట్టాలని కొట్లాట! బాబా ఏడాదికోసారి పై దేశాల కొండలకు వేటకు వెళ్ళేవారు. తుపాకులు ఇంట్లో ఉండేవి కావు, వేటకు తీసుకెళ్ళేవాళ్ళ దగ్గర దేశం బయటే తాళంలో ఉండేవి. ఇంట్లో ఉన్నవల్లా గాజుపెట్టెలో నాలుగు ఉత్తుత్తి తూటాలు, మందు లేనివి. నాలుగూ మాగ్నంలే. మామూలు తూటాకూ వీటికీ తేడా చూడగానే తెలుస్తుంది, అడుగున పసిపిల్లల మొలతాడులా ఇత్తడి పట్టీ ఉంటుంది. నాలుగూ ఒక్క తల్లి పిల్లలే. మూడువందల ముప్ఫై ఎనిమిదిని ముప్ఫై ఎనిమిదనీ, మూడువందల డెబ్బై అయిదును డెబ్బై అయిదనీ అనేవాళ్ళు. డెబ్బై అయిదు అందరికన్నా పెద్దది, పాతది. దాని గొట్టాన్నే పొట్టిచేసి, మెడ నొక్కి, మిగతా మూడింటినీ చేశారు. ఈ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. కూజా పట్టుకుని నిలబడ్డ నాకు తెలుసు!

ఎలా తెలుసో చెబుతాను. బాబా సీఫ్‌లో పెద్ద మాల్‌కు వెళ్ళినప్పుడల్లా వేట మాసపత్రికలు కొని, బొమ్మలు చూసి, కారు వెనక సీట్లో వదిలేసేవారు. డ్రైవర్ డ్యూటీలో ముప్పాతిక వంతు ఎదురుచూడడమే. నా దగ్గర అట్ట ఊడిన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఉండేది. ఒక్కో పేజీకి ఒక్కో వారం పట్టేది. గుండు బరువు గ్రెయిన్లలో రాసేవాళ్ళు. గ్రెయిన్ అంటే గింజ అంది నిఘంటువు. నూట ఎనభై గింజల గుండట! ఏం గింజలు? జొన్నలా, వడ్లా? మూడు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాను. వంట చేసే సత్యవతి దగ్గర బియ్యం అడిగి నూట ఎనభై గింజలు లెక్కపెట్టి అరచేతిలో పోసుకుంటే ఉఫ్ అంటే ఎగిరిపోయేట్టు ఉన్నాయి. దీంతో కొండమేక చస్తుందా అని నేనే నవ్వుకున్నాను. తర్వాత నిఘంటువు చివరి పేజీలో తూనికల పట్టిక దొరికింది. తులానికి నూట ఎనభై గ్రెయిన్లు. మూడువందల మాగ్నం గుండు సరిగ్గా తులం! ఏడు మిల్లీమీటర్లది నూట అరవై, తులానికి కాస్త తక్కువ. డెబ్బై అయిదుది మూడువందలు, తులమున్నర దాటి ఇంకా పైన. ఆ పూట నాకు కలిగిన ఆనందం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ వాక్యం మా ఆవిడ చదవదని ధైర్యం.

పరుగెత్తుకెళ్ళి సత్యవతికి చెప్పాను. కోనసీమ మనిషి, నన్ను అన్నయ్యగారూ అనేది, నాలుక మాత్రం పదును. "తులం పెట్టి మేకని చంపుతారా అన్నయ్యగారూ? మా వైపు తులం పెడితే పెళ్ళే అయిపోద్దండీ" అంది.

"బంగారం కాదు చెల్లే, సీసం."

"సీసం తులాల్లో తూచేవోణ్ణి మిమ్మల్నే చూశానండి బాబూ."

అలా పట్టిక తయారైంది. కానీ నా మనసంతా చివరి వరుస మీదే ఉండేది, భుజానికి తగిలే దెబ్బ. దానికి కారణం మా మేనమామ. చిన్నప్పుడు మా ఊరికి అడవి ఆనుకుని ఉండేది, మక్కచేన్ల మీద పందులు పడేవి. మామ దగ్గర గొట్టం మూతి నుంచి మందు కూరే బర్మార్ తుపాకి ఉండేది. పేల్చే ముందు గొంగడి నాలుగు మడతలు వేసి భుజం మీద పెట్టుకునేవాడు. మోటు మనిషి, మీసం మీద తంబాకు వాసన. నేను ఏడిస్తే ఒకసారి నన్నూ పేల్చనిచ్చాడు. వారం రోజులు నా భుజం నేరేడు పండు రంగులో ఉంది. "దెబ్బ పందికి తగలాలె గని మనకు కాదురా" అన్నాడు మామ. వేట గురించి నేను చదివిన పత్రికలన్నిటిలోనూ ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

నేను వెళ్ళిన రెండో ఏడాది చలికాలం బాబా కొండమేకల వేటకు వెళ్ళాలి. అంతకు ముందు ఏడాది స్నానాల గదిలో జారిపడి ఆయన కుడి భుజం ఎముక విరిగి అతుక్కుంది. అతుక్కున్న నాలుగు నెలలకే ముప్ఫై ఎనిమిది మాగ్నం తీసుకుని వెళ్ళొచ్చారు. వచ్చినప్పటి నుంచి సరిగా తినడం లేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నువైద్రాత్ అనే ఊళ్ళో పాత మిత్రుణ్ణి చూసి తిరిగొస్తుంటే, కారులో నేనూ ఆయనే, ఉన్నట్టుండి అన్నారు: "గంగా, నేను కాల్చే ముందే కళ్ళు మూసుకుంటున్నాను."

నేను అద్దంలో చూడకుండా బండి నడిపాను.

"నొప్పి గుర్తొచ్చి వాటంతటవే మూతపడుతున్నాయి. పోయినసారి మేకకు కాలికి తగిలింది. కుంటుకుంటూ లోయలోకి పోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు. అల్లా పుట్టించిన ప్రాణిని అలా వదిలేసి వచ్చాను. ఈసారి కూడా అట్లానే అయితే, ఖలాస్, ఇక తుపాకి ముట్టను. ఈ మాట నీ దగ్గరే ఉండాలి."

ఉంచాను. కానీ మజ్లిస్‌లో ఆయన తమ్ముడి కొడుకు యూసుఫ్ ఉన్నాడే, ముప్ఫై అయిదేళ్ళవాడు, మనిషి కన్నా ముందు అత్తరు వాసన వచ్చేది. వాడు ఊరుకోలేదు. మేక తప్పిపోయిన కబురు ఎలాగో విని వైద్యం చెప్పాడు: "తూటా చిన్నదైంది బాబా. డెబ్బై అయిదు తీసుకెళ్ళండి. ఎక్కడ తగిలినా పడిపోతుంది." అందరూ తలలూపారు. బాబా కూడా ఊపారు! కళ్ళు మూసుకుంటున్నానని చెప్పుకోలేరు కదా, పెద్దమనిషి. ముప్ఫై ఎనిమిదికే మూతపడే కళ్ళు డెబ్బై అయిదుకు తెరుచుకుంటాయా? పైగా డెబ్బై అయిదు నెమ్మది గుండు, మూడువందల గజాల అవతలి మేకకు చేరేసరికి బాగా కిందికి దిగిపోతుంది. ఏడు మిల్లీమీటర్లది చదునుగా పోతుంది, భుజానికి దెబ్బ దాదాపు సగం. యూసుఫ్ కప్పులో పోస్తూ, అతని అరబీకి నా వంకర అరబీలోనే అనేశాను: "కాదు సార్. ఏడే మంచిది."

యూసుఫ్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "మాషా అల్లా! కూజా మాట్లాడుతోంది. ఏనుగులు మీ దేశంలోనే కదా ఉండేది, నువ్వు వేటితో కొడతావు భాయ్, బెలూన్లతోనా?" అందరూ నవ్వారు. బాబా మాత్రం నా ముఖం చూడకుండా, "గంగా, గావా పొయ్యి" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాయను, హాయిగా పడుకున్నాను. కోపం వస్తే నాకు నిద్ర బాగా పడుతుంది. పొద్దున లేచేసరికి ఉపాయం తట్టింది. దెబ్బను అడుగు-పౌన్లలో కొలుస్తారు. అంటే ఒక పౌను బరువును ఒక అడుగు ఎత్తు నుంచి వదిలితే ఎంత బలమో అంత. ఏడు మాగ్నం దెబ్బ ఇరవై. మూడువందలది ఇరవై ఏడు. ముప్ఫై ఎనిమిదిది ముప్ఫై మూడు. డెబ్బై అయిదుది ముప్ఫై ఎనిమిది. ఐదు కిలోల బాస్మతి సంచి పదకొండు పౌన్లు. దాన్ని కారు షెడ్డు దూలానికి తాడుతో కట్టి, పక్కకు లాగి, రెండడుగులకు కాస్త తక్కువ ఎత్తుకు తెచ్చి వదిలితే ఏడు మాగ్నం. మూడున్నర అడుగులకు తెచ్చి వదిలితే డెబ్బై అయిదు! తుపాకి దెబ్బ ఇంతకన్నా చురుగ్గా ఉంటుంది, సంచి నెమ్మదిగా తోస్తుంది, అది నాకు తెలుసు. కానీ కళ్ళకు ఆ తేడా తెలియదు కదా.

ముందు నా మీదే చూసుకున్నాను. సత్యవతి వదిలింది. మూడున్నర అడుగుల దెబ్బకు వెనక్కిపోయి టైర్ల మీద కూర్చున్నాను. "అయ్యో, నా బియ్యం!" అని అరిచింది సత్యవతి. ఆ కేకకు బాబా వచ్చారు. నేను టైర్ల మీద, సంచి గాలిలో ఊగుతూ. ఏమిటిదని అడిగారు. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పాను, అంకెలతో సహా. తర్వాత తల మీద గుడ్డ తీసి పక్కన పెట్టి, వచ్చి నిలబడ్డారు. అయితే కుడి భుజం కాదు, ఎడమ భుజం పెట్టారు.

"కుడిది బాబా" అన్నాను.

"నాకు తెలుసు" అని కసిరి, తిరిగారు.

డెబ్బై అయిదు ఎత్తు నుంచి వదలడానికి నాకు చేతులు రాలేదు. ఆయన పాత భుజం మీద దెబ్బ వేసేవాణ్ణి నేనా? సంచి మూడున్నర అడుగుల దగ్గర పట్టుకుని, వదిలినట్టు ఊపి, వదల్లేదు. అయినా కళ్ళు మూసుకున్నారు. ఎదురుగా నిలబడ్డ సత్యవతి, అసలు రహస్యం తెలియని మనిషి, భయం లేని మనిషి, వచ్చీరాని హిందీలో "మూసేశారండీ బాబాగారూ! సంచి రాకముందే మూసేశారు!" అని చప్పట్లు కొట్టింది. రెండడుగుల దగ్గర నుంచి నిజంగానే వదిలాను, మెల్లగా తగిలింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మళ్ళీ వదిలాను. తెరిచే ఉన్నాయి. మూడోసారి ఆయనే "యల్లా, యల్లా" అని తొందరపెట్టారు. ఆ ముఖంలో పదేళ్ళ పిల్లవాడు కనిపించాడు. మరుక్షణమే పెద్దరికం గుర్తొచ్చింది. "సంచి సంచే, తుపాకి తుపాకే" అని తలగుడ్డ పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఫోనులో యూసుఫ్‌తో డెబ్బై అయిదుకే ఏర్పాటు చెయ్యమనడం విన్నాను.

శుక్రవారం మజ్లిస్ నిండుగా ఉంది. వేటకు ఇంకా నాలుగు రోజులు. నేను ముఖం గంటు పెట్టుకుని పోస్తున్నాను. ఒక వరుస పూర్తయ్యాక బాబా చెయ్యి చాచి కూజా అడిగారు. ఇచ్చాను. "కూర్చో" అన్నారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర చతికిలపడ్డాను. ఆయన లేచి వచ్చి, తన చేత్తో కప్పులో పోసి నాకిచ్చారు. "ఆ రోజు నీ మనసు కష్టపెట్టాను. తాగు." అదీ ఆ మనుషుల గొప్పతనం, నేను ఎంత కోపిష్టినైనా ఈ మాట రాయకపోతే తప్పు. తాగేద్దామనే కప్పు ఎత్తాను. పెదవిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. నేనిప్పుడు పోసేవాణ్ణి కాదు కదా, కూర్చుని పోయించుకున్నవాణ్ణి. కప్పు తెచ్చి నేలమీద నా ముందు పెట్టాను.

మొదట చూసింది యూసుఫ్. "వీడికి ఈ పద్ధతి ఎవరు నేర్పారు?" అన్నాడు. ఒక ముసలాయన జపమాల తిప్పడం ఆపేశాడు. వీసా, ఉద్యోగం, ఇల్లు, అన్నీ ఆ కప్పు పక్కనే ఉన్నట్టు అనిపించింది. బాబా వెళ్ళి తన చోట కూర్చుని, గడ్డం సవరించుకుని, "అడుగు" అన్నారు.

కళ్ళ సంగతి బయటపెట్టకూడదు. అందుకని మామను తలచుకుని, "మా దేశంలో పెద్దలు వేటకు పోతే చిన్న తుపాకే పట్టుకుంటారు బాబా, గురి ఉన్నవాడికి పెద్దది అవమానమని. మీరు ఏడు తీసుకెళ్ళాలి" అన్నాను. శుద్ధ అబద్ధం. మా దేశంలో అలాంటి పద్ధతేదీ లేదు, మామకు ఇంకా పెద్దది దొరికితే అదే పట్టుకునేవాడు. బాబాకు అది అబద్ధమని తెలుసు. ఎవరికోసం ఆడానో కూడా తెలుసు. "ఇచ్చాను. ఇక తాగు, చల్లారిపోతుంది" అన్నారు. తాగాను. అప్పటికే చల్లారింది. అంత రుచైన గావా మళ్ళీ తాగలేదు.

పన్నెండు రోజులకు తిరిగొచ్చారు. విమానాశ్రయంలో సామాను అందుకుంటుంటే నా చెవి దగ్గర, "ఒక్కటే. తెరిచే" అన్నారు. ఒక్క తూటా, తెరిచిన కళ్ళు. ఆ రోజు ఇంటిదాకా నేను బండి నడిపినట్టు గుర్తు లేదు, ఎగిరినట్టే గుర్తు.

ఇక ఆ సాయంత్రం మజ్లిస్ చూడాలి! బాబా మధ్యలో కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టారు. పెద్ద తూటా పిరికివాడికని, ఏడుకు మించింది కొండల్లో పనికిరాదని, తాను ముప్ఫై ఏళ్ళుగా ఇదే చెబుతున్నానని, ఎవరూ వినలేదని. "మీకెవరు చెప్పారు బాబా?" అన్నాడు యూసుఫ్ ఓరగా నన్ను చూస్తూ. "నాకెవరు చెప్పాలి?" అన్నారు బాబా. గుండు బరువు నూట ఎనభై అని కూడా అన్నారు. నూట అరవై! నూట ఎనభై మూడువందలది! నా నాలుక చివరిదాకా వచ్చింది. పోసేవాడు మాట్లాడకూడదు. యూసుఫ్ కప్పు ఊపుతూనే ఉన్నా చూడనట్టు మళ్ళీ మళ్ళీ పోసి ఆ కసి తీర్చుకున్నాను.

ఇప్పుడు ఏ అంకె కావాలన్నా ఫోను చెబుతుంది. మా అల్లుడు అరచేతిలో అన్ని తూటాల లెక్కలూ అరనిమిషంలో చూపించి, "గింత దానికి నువ్వు రెండేండ్లు చదివినవా మామా?" అన్నాడు. చదివాను. గింజంటే ఏమిటో తెలియడానికే మూడు రోజులు పట్టింది. వాడి ఫోనులో అన్ని వరుసలూ ఉన్నాయి. ఎవరి భుజానికి ఏది తగినదో చెప్పే వరుస మాత్రం లేదు. అది మనిషిని ఎదురుగా నిలబెట్టి, కళ్ళు చూసి తెలుసుకోవాల్సిందే. వాడికా మాట చెబితే తలూపి మళ్ళీ ఫోను చూసుకున్నాడు.

ఉపన్యాసం జరిగిన మరునాడు బాబాను సీఫ్ వైపు తీసుకెళ్తున్నాను. నేను మూతి బిగించుకుని ఉన్నాను. ఆయన గొంతు సవరించుకుని, "గంగా, వచ్చే ఏడాది దుప్పికి రమ్మంటున్నారు. మేకకు మూడింతలుంటుందట. అప్పుడు కూడా ఏడేనా? మూడువందలకు వెళ్ళాలా?" అన్నారు.

"ముప్ఫై ఏళ్ళుగా మీరే చెబుతున్నారు కదా బాబా. నన్నడుగుతారేం?"

"యల్లా, చెప్పు."

"ఆలోచించాలి" అన్నాను.

మూడు సిగ్నళ్ళు దాటేదాకా ఆలోచించాను. జవాబు నాకు మొదటి సిగ్నల్ దగ్గరే తెలుసు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. అయినా బహ్రెయిన్‌లో రెండు దుకాణాలున్న మనిషి, నా కఫీల్, వెనక సీట్లో బుద్ధిగా కూర్చుని ఎదురుచూశారు.